గోడ మీది చెక్కుబంది

నేను కుదురుగా కూర్చోలేను. చేతులు కీబోర్డు మీద ఉన్నంతసేపూ బల్ల కింద కుడికాలు దానంతట అది ఊగుతూనే ఉంటుంది. ఆ కాలు ఆపమని మా రైటరు దేవరాజులు గారు పదకొండేళ్ళుగా చెబుతున్నారు. కాలు ఆగలేదు, ఆయన చెప్పడమూ ఆగలేదు.

చిత్తూరులో రిజిస్ట్రారాఫీసు ఎదురుసందులో మూడో గది మాది. అమ్మకం, భాగపంపకం, దానం, ఏ దస్తావేజైనా సరే ఆయన నోటితో చెబుతారు, నేను టైపు చేస్తాను. తర్వాత ఆయన సరిచూసి, పార్టీలకు చదివి వినిపించి, సంతకాలు పెట్టిస్తారు. ఆయన దస్తావేజు చదువుతుంటే సందులో టీ తాగేవాళ్ళు కూడా గ్లాసు పట్టుకుని వినేవాళ్ళు. అదంతా ఒకప్పటి మాట. ఏడాదిగా ఆయనకు బద్ధకం పట్టుకుందని నేను తీర్మానించుకున్నాను. పైపైన నాలుగు మాటలు గడగడా అనేసి, "షెడ్యూలు మీరే సూసుకోండి సామీ, సదువుకున్నోళ్ళు" అని కాగితాలు పార్టీల చేతిలో పెట్టేసేవారు.

నాకున్నది ఒక్క చిన్న మానిటరు. పాత దస్తావేజు ఫోటో దాని మీదే చూడాలి, కొత్తది దాని మీదే రాయాలి, రిజిస్ట్రేషను వెబ్‌సైటు దాని మీదే నింపాలి. పాతది చూసి, దాన్ని మూసి, కొత్తది తెరిచి, గుర్తున్నది కొట్టి, మళ్ళీ పాతదానికి పోవాలి. కాగితం పక్కన పెట్టుకుని కొట్టవచ్చు కదా అని అడిగేవాళ్ళు అరవై ఏళ్ళ నాటి చేతిరాతకు జెరాక్సు తీయించి చూడండి. నల్లటి మరక తప్ప ఏమీ రాదు. స్క్రీను మీద పెద్దది చేసుకుంటేనే అక్షరం పట్టుబడుతుంది.

ఆ గెంతులాటలోనే ఉగాదికి ముందు నా పరువు పోయింది. దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే భాగం షెడ్యూలు, అందులో భూమికి నాలుగు దిక్కులా ఏమేమి ఉన్నాయో రాసే హద్దుల వివరాన్ని చెక్కుబంది అంటాం. మా ఆఫీసులో దాన్ని ప్రదక్షిణంగా రాస్తాం. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. కార్వేటినగరం నుంచి వచ్చిన కృష్ణమూర్తి గారనే ఆయన ఇంటిస్థలం కొన్నారు. ఆ స్థలం పాత దస్తావేజులో ఎవరో మహానుభావుడు దిక్కుల్ని ఎదురెదురుగా రాసిపెట్టాడు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. నేను నాలుగు హద్దులూ ఒక్క చూపులో చూసుకుని, స్క్రీను మార్చి, చేతి అలవాటున ప్రదక్షిణం వరసలో కొట్టేశాను. దక్షిణాన ఉన్న రోడ్డు ఉత్తరానికి పోయింది. దేవరాజులు గారు సరిచూసినట్టు సంతకం కూడా పెట్టారు. బ్యాంకు వాళ్ళు స్థలం చూడటానికి పోయిన రోజున సంగతి బయటపడింది.

సవరణ దస్తావేజు రాయించుకోవడానికి కృష్ణమూర్తి గారు మళ్ళీ వచ్చారు. ఆ రోజు గదిలో ఎనిమిది మంది ఉన్నారు. దేవరాజులు గారు నావైపు చెయ్యి చూపించి, "టైపు కొట్టింది ఆ పాపే సామీ" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. బడిలో తప్పు చేసిన పిల్లలాగా తల దించుకుని, అందరూ వెళ్ళేదాకా అలాగే ఉన్నాను. సాయంత్రం గది తాళం వేస్తూ ఆయన, ఇంకొక్క తప్పు పడితే తన చెల్లెలి కూతురు రేవతిని ఆ కుర్చీలో కూర్చోబెడతానన్నారు. రేవతి కంప్యూటరు కోర్సు చేసి ఇంట్లో ఖాళీగా ఉంది. మా ఆయన టెంపోకు నెలలో పది రోజులు బాడుగ దొరకదు. ఆ కుర్చీ పోతే మా ఇల్లు ఎలా గడుస్తుందో నాకు తెలుసు.

నాకు రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టించమని ఆయన్ను అడిగాను. ఒకదాని మీద పాత కాగితం, రెండోదాని మీద కొత్తది ఉంటే చూపు తిప్పితే చాలు, తప్పు పడే సందే ఉండదు. ఆయన ససేమిరా అన్నారు. రెండూ మూడూ కాదు, గోడకు ఒకే ఒక్క పెద్ద స్క్రీను పెడదామన్నారు. నేను కొట్టే ప్రతి అక్షరం పార్టీలంతా చూస్తారట, తప్పుంటే వాళ్ళే పట్టుకుంటారట. నలుగురూ చూసి ఒప్పుకున్నాక తప్పు మనది ఎలా అవుతుందన్నారు. అంటే నేను పదిమంది ఎదుట కూర్చుని పరీక్ష రాయాలి, అదీ ప్రతిరోజూ. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా పిన్నమ్మ కొడుకు మునికుమార్‌కు తిరుపతిలో బస్టాండు దగ్గర కంప్యూటర్ల అంగడి ఉంది. ఆదివారం ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. నేను మానిటర్ల దగ్గర నిలబడి రెండింటిని పక్కపక్కన పెట్టించి చూసుకుంటుంటే, దేవరాజులు గారు వాటి వంక తల వాల్చి ఒక్క క్షణం చూసి, "ఇవి నాకొద్దు" అని పెద్ద స్క్రీను దగ్గరికి వెళ్ళిపోయారు. దాని మీద తెలుగు అక్షరాలు వేయమన్నారు. ఇంకా పెద్దవి చేయమన్నారు. అంగడి గుమ్మం దాకా వెనక్కి నడిచి, అక్కడి నుంచి ఒక్కో మాటే పైకి చదివి, చిన్నపిల్లవాడిలా నవ్వారు. సినిమా హాలు పెట్టుకుందామని సరదా కాబోలు అనుకున్నాను. అక్కడే ఇద్దరం వాదులాడుకుంటుంటే గిరాకీలు మావైపు తిరిగి చూశారు. మునికుమార్ మమ్మల్ని బయటికి పంపే ఉపాయం ఆలోచించి, రెండు రకాలూ చిత్తూరుకు పంపిస్తాను, వాడి చూసి శనివారానికి ఏదో ఒకటి తేల్చుకోండి అన్నాడు.

బుధవారం నా రెండు మానిటర్లతో పని చేశాను. ఎడమపక్క పాతది, కుడిపక్క కొత్తది. మూడు దస్తావేజులు తప్పు లేకుండా దిగాయి. ఆ ఒక్కరోజు నా కాలు ఊగలేదు. సాయంత్రం ఆ సంగతి గొప్పగా చెప్పబోతే, ఆయన మానిటర్ల వైపు తిరిగైనా చూడకుండా, రేపు వాటిని తీసి పెద్దది పెట్టించమన్నారు.

గురువారం వచ్చిన పార్టీ గుడిపాల దారిలోని ఒక పల్లె వాళ్ళు. పోలేరమ్మ అని డెబ్బై ఏళ్ళు దాటిన ముసలామె, ఆమె ఇద్దరు కొడుకులు మునిశేఖర్, బాలచంద్ర. రెండెకరాల చేనును అన్నదమ్ములు పంచుకుంటున్నారు. రిజిస్ట్రారాఫీసులో మా వంతు పన్నెండూ ముక్కాలుకు. ఒంటిగంటన్నరకు రాహుకాలం వస్తుంది కాబట్టి ఆలోగా ముగించాలని పెద్దకొడుకు వచ్చినప్పటి నుంచీ గడియారం చూస్తూనే ఉన్నాడు.

గోడ మీద స్క్రీను వెలిగింది. దేవరాజులు గారు అక్షరాలు పెద్దవి చేయించారు. చాలవని ఇంకా పెద్దవి చేయించారు. చివరికి అక్షరం బొటనవేలంత అయింది, స్క్రీనంతా కలిపి అర పేజీ కూడా పట్టలేదు. ఇక పాత దస్తావేజుకు చోటెక్కడిది? మళ్ళీ నా గెంతులాటే. అది కూడా ఇప్పుడు మెడ ఎత్తుకుని, వీపు మీద అందరి చూపులూ మోస్తూ.

చూసేవాళ్ళు ఊరికే చూస్తారా. మునిశేఖర్ తన పేరు ముందు రావాలన్నాడు. బాలచంద్ర తన పేరులో ఒత్తు సరిగ్గా పడలేదన్నాడు. నాయన పేరు చివర రెడ్డి చేర్చమని ఒకరు, ఆధార్‌లో లేదు కాబట్టి వద్దని ఒకరు. నేను హద్దుల కోసం పాత దస్తావేజు తెరిస్తే వాళ్ళ పేర్లు గోడ మీది నుంచి మాయమయ్యేవి. "యాడికి పాయ మా పేర్లు?" అని ఇద్దరూ ఒకేసారి అడిగేవాళ్ళు. నేను కంగారుగా కొత్తదానికి వచ్చేసేదాన్ని. అలా మూడుసార్లు జరిగింది. మూడోసారి నాలుగు హద్దులూ ఒక్క చూపున చూసుకున్నాను. గుట్ట, వానకు పారే వంక, పక్కవాళ్ళ చేను, బండ్లబాట. వెనక్కి వచ్చి వరసగా కొట్టేశాను.

కొట్టాక కీబోర్డు మీది నుంచి చేతులు తీశాను. ఆ పాత దస్తావేజులో దిక్కులు ఏ వరసలో ఉన్నాయి? చూశానా? ఇంకొక్కసారి తెరిచి చూసుకుంటే తేలిపోతుంది. కానీ తెరిస్తే, ఎందుకు తెరిచావని ఆయన అడుగుతారు. అనుమానంగా ఉంది సార్ అంటే, ఇంకొక్క తప్పు అన్న మాట నిజమైనట్టే. నా కాలు బల్లకు తగిలేంతగా ఊగుతోంది. అన్నదమ్ములిద్దరూ గోడ మీది చెక్కుబందిని తేరిపార చూసి, అంతా సరిగ్గా ఉందన్నారు. నిజానికి వాళ్ళు చూసింది తమ పేర్లే. పన్నెండుంపావు అయింది. "అందరూ సూసినారు గదా, సదివేదెందుకు, ప్రింటు తియ్యి" అన్నారు దేవరాజులు గారు.

ప్రింటు తీశాను. మూడు కాగితాలు వెచ్చగా నా చేతిలోకి వచ్చాయి. సంతకాలు పడిపోతే నేను బతికిపోతాను. ఒకవేళ తప్పుంటే అది బయటపడేది ఎప్పుడో. అప్పుడైనా, గోడ మీద చూసి ఒప్పుకున్నారుగా అని ఆయన అననే అంటారు. ఇదంతా ఒక్క నిమిషంలో ఆలోచించాను, నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ముసలామె గోడకు ఆనుకుని, వేలిముద్ర వేయాల్సిన బొటనవేలును కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. ఆమెకు చదువు రాదు. గోడ మీద ఎంత పెద్ద అక్షరాలు వేస్తే ఆమెకేం?

"సార్, చదివి వినిపించగా విని అని చివర రాసినాము. చదవకుండా ఆ మాట ఎట్లా ఉంచేది?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. అన్నదమ్ములు టైమైపోతోందని విసుక్కున్నారు. ముసలామె మాత్రం చక్కగా సర్దుకుని కూర్చుంది.

"నాకు అచ్చరాలు రావు నాయనా. మీరు గోడమీద ఏమి సూసినారో నాకేమి తెలస్తాది. సదవండి, ఇంటాను."

ఇక తప్పలేదు. నేను కాగితాలు అందించాను, ఆయన కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టారు. ఎన్నాళ్ళకో ఆ పాత గొంతు మళ్ళీ విన్నాను. తేదీ, ఊరు, తండ్రి పేరు, అనుభవము, స్వాధీనము, అన్నీ గంటలా మోగుతున్నాయి. పేజీ తిప్పడానికి సాయం చేద్దామని నేను ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

మా ప్రింటరు చివరి పేజీని పైకి తెస్తుంది. నేను వరస పెట్టకుండానే ఇచ్చేశానని అప్పుడు కనిపించింది. ఆయన చేతిలో పైన ఉన్నది మూడో పేజీ. దాని మీద సాక్షుల సంతకాల కోసం కొట్టిన రెండు గీతలు తప్ప అక్షరం ముక్క లేదు. ఆ ఖాళీ కాగితాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుని, ఆయన మొదటి పేజీని తడుముకోకుండా చదువుతున్నారు.

షెడ్యూలు మీరే సూసుకోండి సామీ. ఇవి నాకొద్దు. అక్షరాలు ఇంకా పెద్దవి చెయ్యి. ఏడాది పొడుగునా నేను బద్ధకమని, డాబని తిట్టుకున్నవన్నీ ఒక్కసారిగా వేరే ముఖంతో నా ఎదుట నిలబడ్డాయి. ఆయనకు కాగితం కనిపించడం లేదు.

కంఠతా వచ్చిన మాటలన్నీ అయిపోయి చెక్కుబంది దగ్గరికి వచ్చారు. చెక్కుబంది ఎవరికీ నోటికి రాదు, ఏ చేను హద్దులు ఆ చేనువే. ఆయన ఆగారు, దగ్గారు, కాగితాన్ని కాస్త దూరం జరిపారు, మళ్ళీ దగ్గారు. మునిశేఖర్ గడియారం వైపు చూశాడు. నేను గబగబా నా కుర్చీలోకి వెళ్ళి, షెడ్యూలును గోడ మీదికి తెచ్చి, అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేశాను. అలా చేస్తే నా తప్పు నా చేతులతోనే బయట పెట్టుకున్నట్టవుతుందని తెలుసు.

"సార్, గోడమీద వేసినాను. ఆడ్నించి చదవండి" అన్నాను.

ఆయన తల ఎత్తారు. నావైపు ఒక్కసారి చూసి, తర్వాత గోడవైపు తిరిగి నెమ్మదిగా, ఒక్కో మాట కూడబలుక్కుని చదివారు. తూర్పు, గుట్ట పోరంబోకు. దక్షిణం, వంక.

పోలేరమ్మ చెయ్యి పైకెత్తింది.

"వంక దచ్చినాన యాడుండాది? వంక పడమట గదా. దినామూ పొద్దు గూకేది ఆ వంకలోనే. యాబై ఏండ్లు ఆ పొద్దును సూసే నేను గొడ్లను ఇంటికి మళ్ళేసింది."

నేను పాత దస్తావేజు తెరిచాను. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. మళ్ళీ అదే తప్పు, అక్షరం పొల్లుపోకుండా. మునిశేఖర్ నామీద విరుచుకుపడ్డాడు. రైటరాఫీసులో కూర్చునేవాళ్ళకు దిక్కులు కూడా తెలియవా అన్నాడు. నేను లేచి నిలబడబోయాను. అలవాటైపోయినట్టుంది.

"కూసో కోమలీ" అన్నారు దేవరాజులు గారు. అన్నదమ్ముల వైపు తిరిగి, "ఆ పాపనేమీ అనబాకండి. సరిసూడాల్సింది నేను. తప్పు నాది" అన్నారు.

అయిదు నిమిషాల్లో సరిచేసి, కొత్త ప్రింటు తీసి, పరుగు పరుగున రోడ్డు దాటాం. రాహుకాలానికి పది నిమిషాలు ఉందనగా పోలేరమ్మ వేలిముద్ర పడింది. వెళ్ళేటప్పుడు ఆమె నా భుజం మీద తట్టి, "బాగా సదివించినావు మే" అని నవ్వింది.

తిరిగి వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. గోడ మీద స్క్రీను వెలుగుతూనే ఉంది. దేవరాజులు గారు తమ కుర్చీలో కూర్చుని, పనికిరాని ఆ మొదటి ప్రింటును కళ్ళకు ఆనించి చూసుకుని, మడతలు పెడుతూ, విప్పుతూ ఉన్నారు.

"కాయితాలు తిరగేసి ఇచ్చినావు" అన్నారు.

"అవును సార్."

"సూసినావా?"

"చూసినాను."

షుగరు కళ్ళలోకి దిగిందనీ, మొదట ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను మసకబారాయనీ, అద్దాలు మార్చినా లాభం లేదని తిరుపతి డాక్టరు చెప్పాడనీ ఆయన నేల చూస్తూ చెప్పారు. ఇంట్లో కూడా పూర్తిగా తెలియదట. కళ్ళు కనపడని రైటరు దగ్గరికి దస్తావేజు ఎవరు తెస్తారు అన్నారు. నాకు జాలి వేసిందని చెప్పాలని ఉంది. కానీ ముందు వచ్చింది కోపమే.

"కృష్ణమూర్తి గారి దస్తావేజు చూడకుండానే చూసినట్టు సంతకం పెట్టినారు. ఎనిమిది మంది ముందర నన్ను నిలబెట్టినారు" అన్నాను.

"నిలబెట్టినాను" అన్నారాయన.

రేవతిని ఎప్పుడు రమ్మన్నారు అని అడిగాను, అది కూడా తేలిపోనీ అని. ఆయన తల అడ్డంగా ఊపారు.

"రేవతిని యాడ పిలిస్తిని. ఆ పిల్ల వారంలో కనిపెట్టేస్తాది. నువ్వు తల ఎత్తకుండా పని చేసే మనిషివి. ఏడాదిగా నా మొగంలోకి ఒక్కసారి సూళ్ళేదు. అందుకే ధైర్నంగా ఉంటిని."

ఆ మాట ఇప్పటికీ నా ఛాతీలో ముల్లులా ఉంది. ఆయన్ను తిట్టుకోవడానికి రోజుకు పదిసార్లు తీరిక చేసుకున్నాను, ముఖం చూడటానికి మాత్రం ఒక్కసారి కూడా చేసుకోలేదు. ఆయన మెల్లగా ఫోను నాకు అందించి, కృష్ణమూర్తి గారి నంబరు కలపమన్నారు. కలిపి ఇచ్చాను. ఆ రోజు తప్పు తనదేనని, పాపను అనవసరంగా నిలబెట్టానని, ఒక్క మాట దాచకుండా ఆయనకు చెప్పారు. నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

శుక్రవారం ఉదయం మునికుమార్ ఫోన్ చేశాడు. "ఏది ఉంచుకుంటారక్కా, ఏది తీసుకపోయేది?" అని అడిగాడు. బుధవారం నాటి నా రెండు మానిటర్లు అట్టపెట్టెల్లో మూల పడి ఉన్నాయి. వాటి వైపు చూస్తే ప్రాణం ఉసూరుమంది. దేవరాజులు గారు వినీ విననట్టు కిటికీ వైపు తిరిగారు.

"ఆ రెండూ తీసుకుపో" అన్నాను.

ఇప్పుడు మా పద్ధతి వేరు. ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదో గానీ, పాత దస్తావేజు ఫోటోను ఫోన్లో పెద్దది చేసుకుని నేను పైకి చదువుతాను, చదువుతూ కొడతాను. ఆయన చెవితో నన్ను వింటూ, కళ్ళతో గోడను చూస్తారు. చెక్కుబంది వచ్చినప్పుడు ఒక్కో దిక్కు దగ్గరా ఆగుతాం. పార్టీలకు కూడా గోడ మీది నుంచే చదివి వినిపిస్తారు, పాత గొంతుతో. ఎందుకో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆలస్యమవుతుంది, నాకు విసుగు వస్తుంది, కాలు ఊగుతుంది. నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ రెండు మానిటర్లే కావాలి.

మొన్న ఒక అమ్మకం దస్తావేజు కొడుతున్నాను. సర్వే నంబరు చదివి, కొట్టి, తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయాను.

"ఆగు" అన్నారాయన గోడవైపు చూస్తూ. "నోటితో మూడు అన్నావు, ఆడ రెండు పడింది."

ఫోనులో చూశాను. మూడే. ముప్పై అయిదేళ్ళుగా రైటరు పని చేస్తున్న మనిషి ఎంత సంబరంగా చెప్పారో చూడండి. నాకు ఒళ్ళు మండింది. రెండు చెరిపి మూడు పెట్టి, బాగా కనపడుతోందా సార్ అని ఆయన ముఖంలోకి చూసి అడిగాను.